బొమ్మలాటలో పాత్రసంక్రమణము

రంగస్థలమున నటుడు ముసలివాడైనచో పాత్రలును అతనితోపాటు మారును. ఒకనాడు రామునివేషము కట్టినవాడు మఱికొంతకాలమునకు దశరథుడగును. బొమ్మలాటలో ఈ వెసులుబాటు లేదు. వయసు బొమ్మకు రాదు, బొమ్మనెత్తిన చేతికి వచ్చును. ఒకే పాత్రను అర్ధశతాబ్దము ఆడించినవాడు తప్పుకొన్ననాడు వారసునకు సంక్రమించునది యేది? గుడ్డయా, తోలా, కంఠమా? ఆయా సంప్రదాయములలో ఆటపని ఎందఱి నడుమ పంచబడినదో గమనించినగాని దీనికి సమాధానము దొరకదు.

అమెరికాలో 1969 నవంబరు 10వ తేదీన ‘సెసమి స్ట్రీట్’ అను బాలల టెలివిజన్ కార్యక్రమము ఆరంభమైనది. అందు బిగ్ బర్డ్ అను పసుపుపచ్చని పక్షి యొకటి కలదు. దాని యెత్తు ఎనిమిదడుగుల రెండంగుళములు. తొలినాటినుండి దాని నాడించినవాడు కారల్ స్పిన్నీ (1933–2019). చెత్తకుండీలో కాపురముండి చిఱచిఱలాడు ఆస్కర్ కూడ ఆతని పాత్రయే. న్యూయార్కులో తన్నెక్కించుకొన్న యొక టాక్సీ డ్రైవరు మాటతీరునుండి ఆస్కర్ గొంతు తనకు దొరికినదని స్పిన్నీ చెప్పియున్నాడు. ఆదిలో బిగ్ బర్డ్‌ను మందమతియగు పల్లెటూరివానిగా ఆడించిరి. కొలదికాలములోనే స్పిన్నీ ఆ పక్షిని ఆఱేండ్ల శిశువుగా మార్చెను. తరువాతి రచయితలు ఆ శిశువునకే సంభాషణలు వ్రాసిరి. అనగా పాత్రకర్తృత్వములో ఆడించువానికిని భాగము కలదన్నమాట. మన విమర్శలో ఈ విషయమునకు తగినంత గుర్తింపు లభింపలేదని నా యభిప్రాయము.

ఆ యాటలోని దేహశ్రమను కొంచెము వివరింపవలెను. స్పిన్నీ కుడిచేతిని తలపైకి నిటారుగా చాచి, పక్షి తలలో దూర్చి ముక్కు నాడించెడివాడు. చిటికెనవ్రేలితో కనుఱెప్పలను కదల్చెడివాడు. ఎడమచేయి ఎడమఱెక్కలో నుండును. కుడిఱెక్కలో చేయి లేదు. సన్నని గాలపుదారమొకటి మెడక్రింది కొలికిగుండ పోయి రెండు ఱెక్కలను కలుపును. ఎడమది దిగినప్పుడు కుడిది లేచును. బయటికి చూచుటకు రంధ్రము లేదు. ఱొమ్మునకు కట్టుకొన్న చిన్న తెరపై కెమేరాకు కన్పట్టు దృశ్యమును చూచుచు నడువవలెను. అది యద్దమువంటిది కాదు. తాను కుడికి జరిగినచో తెరమీది పక్షి యెడమకు జరుగును. ఈ తలక్రిందుల లెక్కను మనసులో సరిచేసికొనుచునే పసివాని మాటలు పలుకవలెను. ఎనుబదియవ పడి దాటిన దేహమున కిది యెంతటి భారమో ఊహింపవచ్చును.

2015లో ఆతడు పక్షిదేహమును విడిచెను, కంఠమును విడువలేదు. దేహమును మ్యాట్ వోగెల్ ధరించెను. ఈతడు 1990ల చివరినుండి ఆతనికి ప్రత్యామ్నాయముగా శిక్షణ పొందినవాడు. కొన్నాళ్లు ఒకే పాత్ర ఇద్దఱిలో నివసించినది. 2018 అక్టోబరులో స్పిన్నీ కంఠమును కూడ విడిచెను. బిగ్ బర్డ్ పూర్తిగా వోగెల్‌కును, ఆస్కర్ ఎరిక్ జేకబ్సన్‌కును చెందిరి. గురువు బ్రతికియుండగా, శిష్యుని యాటను తాను చూచుచుండగా, మొదట దేహము, పిదప స్వరము సంక్రమించిన క్రమమిది. కెర్మిట్ అను కప్ప విషయమున ఇట్లు జరుగలేదు. దాని సృష్టికర్త జిమ్ హెన్సన్ 1990లో అకస్మాత్తుగా మరణించెను. పిదప దాని నాడించిన స్టీవ్ విట్మైర్ 2016లో తొలగింపబడెను. ఆ మార్పు మఱునాటి యేడు బహిరంగమైనప్పుడు పెద్ద వివాదమే చెలరేగినది.

జపానులోని బున్రాకు పద్ధతి దీనికి భిన్నము. అందు పెద్దబొమ్మ నొకదానిని ముగ్గురాడింతురు. ప్రధానుడు తలను, కుడిచేతిని పట్టును. రెండవవాడు ఎడమచేతిని, మూడవవాడు పాదములను. సంభాషణము వీరిది కాదు. ప్రక్కన కూర్చుండు కథకుడు సమస్తపాత్రలకు తానే గొంతిచ్చును. పాదములకు పదేండ్లు, ఎడమచేతికి పదేండ్లు అని వాడుక. పాదములు పట్టువాడు ప్రధానుని నడుమునకు తాకుచునుండి, ఆతని దేహపు కదలికనుబట్టి తరువాతి యడుగును తెలిసికొనును. శిష్యుడు గురువునకు ఆనుకొని ఇట్లు యేండ్లకొలది నేర్చును. స్పిన్నీ పుట్టిన 1933లోనే పుట్టిన మూడవ యోషిదా మినోసుకే స్త్రీపాత్రలకు పేరెన్నికగన్నవాడు. 1940లో బాలుడుగా ఈ విద్యలో ప్రవేశించెను. 1998లో పక్షవాతమునకు గురియైనను మరల రంగమునకు వచ్చి, 2021 ఏప్రిల్‌లో ఒసాకాలో విరమించి, 2024లో గతించెను. ఆతడు విరమించినను ఏ పాత్రయు అనాథ కాలేదు. ఏలయన ఆ పాత్రలలో నొక్కటియు ఆతనియొక్కనిది కాదు.

ఇప్పుడు మన తోలుబొమ్మలకు వత్తము. ఇచ్చట ప్రధానగాయకుడే పాడును, పలుకును, బొమ్మనెత్తును. కుటుంబములోని తక్కినవారు తోడ్పడుదురు. రామరావణాదుల విషయమున చిక్కు తక్కువ. ఆటగాండ్రు పాడు ద్విపదలలో ననేకము రంగనాథరామాయణమునుండి వచ్చినవి. గాయకుడు మానుకొన్నను గ్రంథమున్నది. చిక్కంతయు కేతిగానితో, జుట్టుపోలిగానితో, బంగారక్కతో. వారికి గ్రంథము లేదు. ఆ యూరి కరణమును, ఆనాటి ధరలను, ఎదుట కూర్చున్నవాని మీసమును చూచి అప్పటికప్పుడు పుట్టు మాటలవి. బూతు కలదని పండితులు వానిని వ్రాసికొనుటకు వెనుదీసిరి. కావున ముసలి యాటగాడు బొమ్మను క్రింద పెట్టిననాడు రాముడు నిలుచును, కేతిగాడు పోవును.

శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటలో దీనికి విలోమముగా నొకటి కానవచ్చును. తోలుబొమ్మల కళకు 2020లో పద్మశ్రీ నందుకొన్న దళవాయి చలపతిరావు ఆ గ్రామమువారు. అచ్చటి కుటుంబములు ఆ తోలుతోనే, ఆ రంగులతోనే దీపపుగూళ్లు, గోడకు తగిలించు బొమ్మలు చేసి జీవించుచున్నవి. చర్మమును పలుచన చేయుట, రంధ్రములు తొలుచుట చిన్నవారికి చక్కగా సంక్రమించినవి. అమ్ముడుపోవునది గనుక ఆ విద్య నిలిచినది. రాత్రి తెరవెనుక రెండు గొంతులతో తనలో తాను జగడమాడుకొను నేర్పునకు కొనువారు లేరు. సెసమి స్ట్రీట్‌లో కంఠము చివరివఱకు నిలిచినది. ఇచ్చట మొట్టమొదట పోవునది అదియే.

క్షేత్రమునకు పోవు పరిశోధకవిద్యార్థి పద్యములతో పుస్తకము ముగింపక, వృద్ధగాయకుని చెంత ఆతని కుమారునో కుమార్తెనో కూర్చుండబెట్టి, ఒకే హాస్యఘట్టమును ఇద్దఱిచేతను వేర్వేఱుగ ఆడించి ధ్వనిముద్రణము చేయవలెను. తండ్రి ఎచ్చట ఊపిరి తీసెనో, బంగారక్క కసరుటకు ముందు ఎంతసేపు మౌనముగ నుంచెనో, సంతాన మేమాటను విడిచి దేనిని చేర్చెనో అందు తెలియును. ఆ పని గాయకుడు ఇంకను ఆడుచుండగనే చేయదగినది. మానుకొన్న పిదప అడిగినచో ఆతడు కథను చెప్పును గాని ఆటను చూపలేడు.