నా గురించే.. నేను చదవని లేఖ

లక్డీకాపూల్‌లో మెట్రో దిగి రెడ్‌హిల్స్‌ వైపు నడిస్తే నిలోఫర్‌, ఎంఎన్‌జే క్యాన్సర్‌ ఆస్పత్రి.. దారంతా తెల్లకోట్లే. ఆ చుట్టుపక్కలే ఓ హాస్టల్లో ఉంటూ హౌస్‌ సర్జన్సీ చేశా. ఏ ఆస్పత్రో ఎందుకులెండి! నా కల మాత్రం అమెరికాలో పీడియాట్రిక్స్‌ రెసిడెన్సీ.

ఇక్కడ ఎంబీబీఎస్‌ సీటుకి నీట్‌ ర్యాంకు ఉంటే చాలు. మనం ఎలాంటోళ్లమో ఎవరూ అడగరు. అక్కడ అలా కాదు. యూఎస్‌ఎంఎల్‌ఈ స్కోర్లతో పాటు, మన పని చూసిన డాక్టర్ల సిఫార్సు లేఖలూ కావాలి. ‘ఈరాస్‌’ అనే ఆన్‌లైన్‌ దరఖాస్తులో ఒక్కో ప్రోగ్రామ్‌కి 4 లేఖల వరకూ జత చేయొచ్చు.

సిఫార్సు అనగానే మనకు గుర్తొచ్చేది తిరుమల దర్శనానికి ఎమ్మెల్యే లెటర్‌. పేరు పెద్దదైతే పనైపోతుంది. నేనూ అలాగే అనుకుని, బోలెడు డిగ్రీలున్న ఓ పెద్ద ప్రొఫెసర్‌ దగ్గరికెళ్లా. ‘‘డ్రాఫ్ట్‌ నువ్వే రాసుకురామ్మా, సంతకం పెట్టేస్తా’’ అన్నారు. ఎగిరి గంతేశా.

రాత్రి ల్యాప్‌టాప్‌ తెరిచా. హార్డ్‌వర్కింగ్‌, సిన్సియర్‌, టీమ్‌ ప్లేయర్‌.. నాలుగు ముక్కలకే వేళ్లు ఆగిపోయాయి. పేరు మారిస్తే మా బ్యాచ్‌లో ఎవరికైనా సరిపోతుంది. ‘‘ఇంతకీ సార్‌కి నీ పేరు తెలుసా?’’ అంది రూమ్మేట్‌. తెలీదు!

నా పేరు బాగా తెలిసింది ఒక్క అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌ మేడమ్‌కే. కారణం.. తిట్లు. విరేచనాలతో వచ్చిన ఓ పాపను తూచకుండా, వాళ్లమ్మ చెప్పిన బరువుతో సెలైన్‌ లెక్క వేశా. మేడమ్‌ కేస్‌షీట్‌ చూసి, వార్డులో అందరి ముందూ కడిగేశారు. ఆ రోజు నుంచి ప్రతి బిడ్డనూ నా చేతులతో నేనే తూచేదాన్ని.

భయపడుతూనే వెళ్లి అడిగా. ‘‘రాస్తా. కానీ ఆ తప్పు కూడా రాస్తా, ఫర్లేదా?’’ అన్నారు. ఒక్క క్షణం గొంతు ఎండిపోయింది. ‘‘ఫర్లేదు మేడమ్‌’’ అనేశా. ప్రొఫెసర్‌ గారి డ్రాఫ్ట్‌ డిలీట్‌ చేశా.

మీరూ ఈ దారిలో ఉంటే నాలుగు మాటలు. పోస్టింగ్‌ ముగిసే వారంలోనే అడగండి, ఆర్నెల్ల తర్వాత మీరెవరో గుర్తుండదు. సీవీతో పాటు మీరు చూసిన కేసులు ఒక పేజీలో రాసివ్వండి. ప్రోగ్రామ్‌లు దరఖాస్తులు చూడటం మొదలెట్టేది సెప్టెంబర్‌ చివర్లో కాబట్టి కనీసం రెండు నెలల ముందే కదలండి. అమెరికాలో రొటేషన్‌ చేసినచోట తీసుకున్న లేఖలకు అక్కడ విలువ ఎక్కువ, వాటినీ వదలొద్దు.

లేఖను రాసినవాళ్లే పోర్టల్‌లో అప్‌లోడ్‌ చేస్తారు. చదివే హక్కు వదులుకుంటున్నామని మనం ముందే టిక్‌ పెట్టొచ్చు. అప్పుడే ఆ లేఖ మీద నమ్మకం ఎక్కువ. నేనూ పెట్టేశా.

ఓ సాయంత్రం నిలోఫర్‌ ముందు ఆటోలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఫోన్లో స్టేటస్‌ చూస్తే.. అప్‌లోడ్‌ అయిపోయింది! మేడమ్‌ ఏం రాశారో ఇప్పటికీ తెలీదు. కానీ అది ఇంకెవరి పేరుకీ సరిపోదు. అది మాత్రం తెలుసు.