ప్రాసెసర్‌కూ తగులుతోంది వడదెబ్బ!

సొంతంగా బిగించుకున్న కంప్యూటర్లకు వేసవి పరీక్ష
కొత్తది కొనేముందు దుమ్ము, పేస్టు చూసుకోవాల్సిందే

బళ్లారి: మే నెల మిట్టమధ్యాహ్నం. బయట ఎండ 40 డిగ్రీలు దాటింది. మిద్దె మీది గదిలో డిగ్రీ చదివే పిల్లోడు ప్రాజెక్టు పనిలో మునిగిపోయాడు. పావుగంట బాగానే నడిచిన కంప్యూటర్ నత్తలా పాకడం మొదలెట్టింది. లోపల ఫ్యాను రొద పెరిగింది. ఉన్నట్టుండి తెర నల్లబడింది. ‘ఏమాయరా?’ అని కింద నుంచి నాయన కేక. ‘మళ్లా ఆగిపాయ నాయనా..’ అని కొడుకు జవాబు. రిపేరుకు ఇస్తే ‘పాతదైపోయింది, ప్రాసెసర్ మార్చుకోండి’ అనే మాట వినాల్సి రావచ్చు. అంటే వేలల్లో ఖర్చు. నిజానికి చాలాసార్లు ప్రాసెసర్‌లో లోపమేమీ ఉండదు. అది చల్లబడే దారే మూసుకుపోయి ఉంటుంది.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో విడిభాగాలు ఏరుకొని వచ్చి ఇంట్లోనే కంప్యూటర్ బిగించుకుంటే కొంత డబ్బు మిగులుతుంది. కావాల్సిన భాగాలే వేసుకోవచ్చు. అయితే కంపెనీ బిగించి ఇచ్చే యంత్రంలో గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలో కంపెనీయే చూసుకుంటుంది. సొంతంగా బిగించినప్పుడు ఆ బాధ్యత మనదే.

కాలిపోదు.. నెమ్మదిస్తుంది

వేడెక్కితే ప్రాసెసర్ కాలిపోతుందేమోనని చాలామంది భయపడతారు. ఇప్పటి చిప్పులు తమను తాము కాపాడుకుంటాయి. ఇంటెల్ కోర్ ఐ5-12400కు గరిష్ఠ హద్దు 100 డిగ్రీల సెల్సియస్. ఏఎండీ రైజెన్ 5 5600జీకి 95 డిగ్రీలు. హద్దు దగ్గర పడగానే చిప్పు తన వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి ఆగకపోతే కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంది. ‘స్లో అయిపోయింది’ అని మనం అనుకునే కంప్యూటర్ ఒక్కోసారి ఉక్కకు తట్టుకోలేక నెమ్మదించిందే కావచ్చు.

ఎంత వేడి ఎక్కువన్నది చిప్పును బట్టి ఉంటుంది. 2022లో వచ్చిన రైజెన్ 7000 వరుసలోని ‘ఎక్స్’ రకాలు పూర్తి భారం పడినప్పుడు 95 డిగ్రీల దాకా వెళ్లేలా కంపెనీయే రూపొందించింది. అందుకే పక్కింటి కంప్యూటర్‌తో పోల్చుకోకుండా మన చిప్పు హద్దు ఎంతో ముందు తెలుసుకోవాలి.

లెక్క గదితోనే మొదలు

ఫ్యాను గాలితో చల్లబడే ప్రాసెసర్ గదికన్నా చల్లగా ఎప్పటికీ ఉండదు. గది 25 డిగ్రీలున్నప్పుడు పూర్తి పనిలో 70 చూపే చిప్పు, గది 40కి చేరితే దాదాపు 85 చూపుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. దీనికి దుమ్ము మరో పది పదిహేను డిగ్రీలు కలిపిందంటే హద్దు వచ్చేసినట్టే. జనవరిలో గమ్మున పని చేసిన యంత్రం మేలో మొరాయించేది అందుకే. బళ్లారి ఎండను తగ్గించడం మన వల్ల కాదు. గదికీ చిప్పుకూ మధ్య ఉన్న తేడాను తగ్గించడం మాత్రం మన చేతిలో పనే.

ముందు కొలత.. తర్వాతే కోత

హెచ్‌డబ్ల్యూఇన్ఫో, కోర్ టెంప్ వంటి ఉచిత ప్రోగ్రాములు చిప్పు వేడిని చూపుతాయి. పని లేనప్పుడు పది నిమిషాలు, భారమైన పని పెట్టి పావుగంట చూసి రెండు అంకెలూ రాసుకోవాలి. పక్కనే గది వేడి కూడా రాసుకోవాలి. వ్యాధి ఎక్కడుందో వేడి పెరిగే తీరే చెబుతుంది. పని మొదలెట్టిన కొన్ని సెకన్లలోనే 95కు ఎగబాకితే కూలర్ సరిగా ఆనలేదనో, పేస్టు ఎండిపోయిందనో అనుమానించాలి. పది, ఇరవై నిమిషాల్లో మెల్లగా పెరుగుతూ పోతే దుమ్ము, గాలి ఆడకపోవడం కారణం కావచ్చు. డబ్బా పక్క రేకు విప్పి మళ్లీ నడిపి చూడాలి. వేడి చెప్పుకోదగ్గంత తగ్గిందంటే డబ్బాలో గాలి ఆడటం లేదన్న మాటే.

ఎర్ర దుమ్ము.. అసలు శత్రువు

ఎర్రమట్టి, ఖనిజం లారీలు లేపే దుమ్ము ఈ ప్రాంతంలో ఇంట్లోకి రాకుండా ఆగదు. జీన్స్ కుట్టే ఇళ్లలో అయితే దానికి నూలు పీచు తోడవుతుంది. ఇవి ఫ్యానుకూ హీట్‌సింక్ రేకులకూ మధ్య చేరి దుప్పటిలా పేరుకుంటాయి. పైనుంచి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. గాలి మాత్రం రేకుల్లోకి దిగదు.

శుభ్రం చేసేముందు స్విచ్ ఆపి ప్లగ్గు పూర్తిగా తీసేయాలి. డబ్బాను వరండాలోకి తెచ్చుకొని మెత్తటి పెయింటు బ్రష్షుతో దుమ్ము వదిలించి, బ్లోయరుతో ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోవాలి. లేదంటే అవి అతివేగంగా తిరిగి బేరింగు దెబ్బతింటుంది. తడిగుడ్డ అసలే వాడకూడదు. ముందు వైపు జాలీ ఉంటే దాన్నీ దులపాలి. ఎండాకాలంలో రెండు నెలలకోసారి ఈ పని చేసుకుంటే మంచిది.

పేస్టు.. శనగగింజంత చాలు

చిప్పు పైభాగం, కూలర్ అడుగు కంటికి నున్నగా కనిపించినా వాటి మధ్య సన్నని గుంతలుంటాయి. వాటిలో గాలి ఉంటే వేడి దాటదు. వేడిని మోయడంలో రాగితో పోలిస్తే గాలి కొన్ని వేల రెట్లు వెనక. ఆ గుంతలు పూడ్చడానికే థర్మల్ పేస్టు. కొన్నేళ్లకు అది ఎండి పిండిలా మారుతుంది. అప్పుడు పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో శనగగింజంత కొత్తది పెట్టి కూలర్ బిగించాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లదనం రాదు, పక్కలకు కారుతుందంతే. పేస్టు ఖర్చు వందల్లోనే ఉంటుంది.

ఏఎండీ పాత ఏఎం4 సాకెట్ వాళ్లకు ఒక హెచ్చరిక. ఎండిన పేస్టు జిగురులా పట్టుకుంటే కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి రావచ్చు, కాళ్లు వంగవచ్చు. అందుకే ముందు కాసేపు కంప్యూటర్ నడిపి పేస్టు వెచ్చబడ్డాక ఆపి, ప్లగ్గు తీసి, కూలర్‌ను అటూఇటూ మెల్లగా తిప్పి వదులు చేశాకే పైకి లేపాలి.

ఇంటెల్‌తో వచ్చే మామూలు కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటిలో ఒక్కటి సరిగా దిగకపోయినా కూలర్ ఓ పక్కకు లేస్తుంది. ఎదురెదురు మూలలవి జంటగా నొక్కాలి. బోర్డు వెనక నుంచి నాలుగూ దిగాయో లేదో చూసుకోవాలి. విడిగా కొన్న కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొరను తీయకుండానే బిగించేసేవాళ్లూ ఉంటారు. మొదటిసారి బిగించేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

గాలికి దారి ఇవ్వాలి

జనం ‘సీపీయూ’ అని పిలిచే డబ్బాను చెక్క టేబుల్ అరలో మూసిపెట్టడం, దుమ్ము పడుతుందని గుడ్డ కప్పి నడపడం వేడికి పిలుపే. గోడకు జానెడు ఎడం ఉంచాలి. ముందు నుంచి చల్లగాలి లోపలికి, వెనక నుంచి, పైనుంచి వేడిగాలి బయటికి పోయేలా ఫ్యాన్లు ఉండాలి. సాధారణ ఫ్యానులో అడ్డకమ్మీలున్న వైపు నుంచే గాలి బయటికి వస్తుంది. ఫ్యాను తిరగేసి బిగిస్తే వేడిగాలి లోపలే తిరుగుతుంది. ఎయిర్ కూలర్‌ను నేరుగా డబ్బా మీదికి తిప్పకూడదు. తేమ, నీటి తుంపర బోర్డుకు చేటు.

కరెంటు తగ్గిస్తే వేడీ తగ్గుతుంది

ఇవన్నీ చేసినా అంకె దిగకపోతే చిప్పు తాగే కరెంటుకు కళ్లెం వేయొచ్చు. ఐ5-12400 మూల హద్దు 65 వాట్లు, కానీ ఊపందుకుంటే 117 వాట్ల దాకా తీసుకోగలదు. కొన్ని మదర్‌బోర్డులు ఈ హద్దులను సడలించి వదిలేస్తాయి. బయాస్‌లోకి వెళ్లి 65 వాట్లకు కుదిస్తే, భారీ పనుల్లో వేగం కాస్త తగ్గినా వేడి బాగా తగ్గుతుంది. రైజెన్‌లలో చాలావాటికి ‘ఎకో మోడ్’ ఉంటుంది. విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతానికి తగ్గిస్తే సాధారణంగా టర్బో వేగం ఆగిపోతుంది. రాయడం, చదవడం, ఆన్‌లైన్ క్లాసుల వంటి పనులకు తేడా పెద్దగా తెలియదు. మేలో ఇలా నడిపి, వానలు పడ్డాక మళ్లీ మార్చుకోవచ్చు.

ఆ తర్వాతే పెద్ద కూలర్ ఆలోచన చేయాలి. నీళ్లతో చల్లబరిచే ఖరీదైన కూలరైనా చివరికి వేడిని వదిలేది అదే గదిలోకి. గది 40 ఉంటే అదీ 40 నుంచే మొదలెట్టాలి.

స్క్రూడ్రైవరు, పెయింటు బ్రష్షు, పేస్టు ట్యూబు దగ్గరుంటే ఆదివారం ఒక్క పూట పని ఇది. అంతా బిగించాక మొదట రాసుకున్న అంకెల పక్కనే కొత్తవీ రాసుకోవాలి. ప్రాసెసర్‌కు డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఆ చీటీ చూసి తేల్చుకోవచ్చు.