తుఫాను వేళ పశువులకు ఆశ్రయం

తుఫాను హెచ్చరిక విన్న తరువాత కూడా కొందరు ఇల్లు ఎందుకు కదలరు? ఈ ప్రశ్నతో పాఠం మొదలుపెడదాం.

తీరానికి దగ్గరలో ఉన్న ఒక ఇంటిని ఊహించుకోండి. రెండు పాడిగేదెలు, ఒక దూడ, నాలుగు మేకలు, వాకిట్లో ఒక కుక్క ఉన్నాయి. కేంద్రానికి పోసే పాల మీదే ఆ ఇల్లు గడుస్తోంది. గేదెలు కొన్న అప్పు ఇంకా తీరలేదు. ఊళ్లో దండోరా వేశారు, లారీ వచ్చింది. పిల్లలనూ ముసలివాళ్లనూ ఎక్కించి ఇంటాయన ఆగిపోయాడు. ఆయన భార్య కూడా ఆగిపోయింది. పాలు పితికేది, మేత వేసేది ఆమే కదా! దీన్ని మూర్ఖత్వం అనడం తేలిక. కాని గేదెలు పోతే ఆ కుటుంబం కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. పశువులకు చోటు చూపించకుండా మనుషులను మాత్రమే రమ్మంటే కొందరు రారు. అందువల్ల పశువుల రక్షణ మనుషుల రక్షణలో ఒక భాగమని గ్రహించాలి.

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు పదివేల మంది చనిపోయారు. లెక్కకు అందనన్ని పశువులు కొట్టుకుపోయాయి. ఆ తరువాత మన తీరం పొడవునా తుఫాను రక్షణ కేంద్రాలు కట్టారు. వీటిలో చాలా భవనాలు స్తంభాల మీద ఉంటాయి. మనుషులు మెట్లెక్కి పైకి పోతారు, గేదె ఎక్కలేదు. కింది భాగం ఖాళీగా ఉందికదా అని పశువులను అక్కడ కట్టవద్దు. ఉప్పెన నీరు భవనాన్ని కూల్చకుండా కిందినుంచి సాగిపోవడానికే ఆ భాగాన్ని ఖాళీగా వదిలారు.

మరి పశువులను ఎక్కడికి తోలాలి? ఈ ప్రశ్నకు మన పొరుగు దేశమైన బంగ్లాదేశ్ ఒక సమాధానం కనుక్కొంది. ఆ ప్రాంతం తూర్పు పాకిస్తాన్‌గా ఉన్నప్పుడు, 1970 నవంబరు 12న వచ్చిన తుఫానులో కనీసం మూడు లక్షల మంది చనిపోయారని అంచనా. స్వాతంత్ర్యం వచ్చాక తీరప్రాంతాల్లో ఎత్తయిన మట్టిదిబ్బలు పోశారు. వీటిని అక్కడ 'కిల్లా' అంటారు. పక్కనే మట్టి తవ్వి, పోసి, గట్టిపరిచి, వాలుగా దారి విడిచారు. పశువు తన కాళ్లతో తానే పైకి ఎక్కగలదు. సిమెంటు భవనం కంటే దీనికి ఖర్చు తక్కువ. అయితే పట్టించుకోకపోతే దిబ్బ వానలకు కోసుకుపోతుంది. ఏటా గట్టు వేసి, గడ్డి నాటి కాపాడుకోవాలి.

పెంపుడు కుక్కలు, పిల్లుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. అమెరికాలో 2005 ఆగస్టులో కత్రినా తుఫాను వచ్చినప్పుడు ఎన్నో ఆశ్రయ కేంద్రాల్లో వాటిని రానివ్వలేదు. వాటిని వదల్లేక చాలామంది ఇళ్లలోనే ఉండిపోయారు. మరుసటి ఏడాది, 2006లో, రక్షణ ప్రణాళికల్లో పెంపుడు జంతువులను కూడా చేర్చాలని అక్కడ చట్టం చేశారు.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వద్దాం. వాతావరణ శాఖ కనీసం 48 గంటల ముందు అప్రమత్తత సూచన, కనీసం 24 గంటల ముందు తుఫాను హెచ్చరిక ఇస్తుంది. పశువులను కదిలించవలసింది మొదటి సూచనకే. మంద గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి నడవదు. ఈదురుగాలి మొదలైతే ఆ మాత్రం కూడా కదలదు. మెరక మీద ఉన్న బడి ఆవరణ, చెరువుగట్టు, బంధువుల ఊరు – ఏదైనా ముందే చూసి ఉంచుకోండి. చెరువుగట్టయితే అది బలంగా ఉందో లేదో ఊరివాళ్లను అడగండి. తల్లినీ దూడనూ కలిపే తోలండి. కుక్కను గొలుసుతో, కోళ్లను గంపల్లో తీసుకుపోవచ్చు. పెద్ద పశువుకు రోజుకు సుమారు 40 లీటర్ల నీళ్లు కావాలి. ఉప్పెన తరువాత బావినీరు ఉప్పగా మారుతుంది కాబట్టి డ్రమ్ములు ముందే నింపాలి. గడ్డిమోపులు పట్టాతో కప్పాలి.

తోలుకుపోవడం ఏ విధంగానూ వీలు కాకపోతే ఏం చేయాలి? పలుపు విప్పేయండి. గట్టిగా చెప్పవలసిన మాట ఇదొక్కటే. కట్టిన పశువు నీటిలో మునిగి చనిపోతుంది, విప్పిన పశువు ఈది బతకవచ్చు. గేదె బాగా ఈదగలదు. మెడలో తాడు వేలాడితే కొమ్మల్లో చిక్కుకొంటుంది, కాబట్టి దాన్ని పూర్తిగా తీసేయండి. పాక తలుపు తెరిచి, వెంటనే మీరు బయలుదేరండి. విప్పితే పశువు తప్పిపోతుందని చాలామంది భయపడతారు. చెవికి వేసిన 12 అంకెల పోగు ఉంటే తరువాత గుర్తుపట్టవచ్చు. ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి, రేషను కార్డుతోపాటు దాచుకోండి.

నీరు తీశాక అసలు జబ్బులు మొదలవుతాయి. గొంతువాపు, జబ్బవాపు వ్యాధులకు వానాకాలానికి ముందే టీకాలు వేయించాలి. వరద వచ్చాక వేయిస్తే శక్తి రావడానికి రోజులు పడుతుంది. బూజుపట్టిన గడ్డి, నానిన ధాన్యం పెట్టవద్దు. ధాన్యం పాడైపోతుందన్న బాధతో గంపలకొద్దీ మేపితే కడుపుబ్బి పశువు చనిపోవచ్చు. పాలిచ్చే గేదెను పితకకుండా వదిలేస్తే పొదుగువాపు వస్తుంది. అవసరమైతే 1962 నంబరుకు ఫోను చేసి పశువైద్య సహాయం అడగవచ్చు.

పశువు చనిపోతే కళేబరాన్ని కాలువలోకి తోయకండి. పశువైద్యుడు, గ్రామాధికారి వచ్చి చూసి రాసుకొనేవరకు ఆగి, తరువాత లోతుగా పూడ్చి సున్నం చల్లాలి. 2022లో కేంద్రం ప్రకటించిన నిబంధనల ప్రకారం పాడి ఆవుకు లేదా గేదెకు రూ. 37,500, గొర్రెకు లేదా మేకకు రూ. 4,000 సహాయం ఉంది. కుటుంబానికి ఇన్ని పశువులకే అన్న పరిమితి కూడా ఉంది. ఈ మొత్తంతో మంచి పాడిగేదె దొరకడం కష్టమేనని మీకు తెలుసు. అయినా నమోదు చేయించుకోవడం మానవద్దు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రక్షణ కేంద్రం కింది భాగంలో పశువులను ఎందుకు కట్టకూడదు?

2. కిల్లా ఎక్కడానికి వాలుదారి ఎందుకు అవసరం?

3. మీ ఊళ్లో అన్నిటికంటే మెరకగా ఉన్న స్థలం ఏది? మీ పాక నుంచి అక్కడికి పశువులతో ఒకసారి నడిచి, ఎంతసేపు పట్టిందో రాయండి.