గడియ తీసే దొంగ!

పెరట్లో నాలుగు కోళ్ళు తిరుగుతుంటే ఆ ఇంటి కళే వేరు. కానీ అమెరికాలో వాటి మీద కన్నేసే జీవాలు ఒకటా రెండా? ఒక్క రాత్రి ఏమరుపాటు మా ఇంట్లో ఎంత పని చేసిందో, ఆ తర్వాత ఏం నేర్చుకున్నామో చదవండి.

'నాన్నా, లడ్డూ లేవట్లేదు!'

కిందటి నవంబరులో ఓ శనివారం పొద్దున్నే మా ఏడేళ్ళ అమ్మాయి పెరట్లోంచి పెట్టిన కేక అది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తా. గూడు తలుపు బార్లా తెరిచి ఉంది. గడ్డి నిండా ఈకలు. లడ్డూ గుమ్మంలోనే పడి ఉంది. మిర్చి జాడే లేదు. మిగిలిన మూడూ పై కర్ర మీద ఒకదానికొకటి అతుక్కుపోయి కూర్చున్నాయి, చప్పుడు లేకుండా.

మేముండేది నార్త్ కరోలినాలో, రాలీ శివారున. సొంతిల్లు కొనుక్కున్న ఏడాదికి ఐదు పెట్టల్ని తెచ్చుకున్నాం. 2025 మార్చిలో ఇక్కడ డజను గుడ్ల సగటు ధర 6 డాలర్లు దాటినప్పుడు మనవాళ్ళు చాలామందికి పెరటి కోళ్ళ మీద మనసు పోయింది. మాదీ అదే కథ. నిజం చెప్పాలంటే గుడ్ల కోసమైతే ఈ లెక్క గిట్టదు. గూటికైన ఖర్చుతో కొన్నేళ్ళపాటు గుడ్లు కొనుక్కోవచ్చు. కానీ పొద్దున్నే పెట్టల అరుపు వింటే గోదారి జిల్లాలో మా ఇల్లు గుర్తొస్తుంది. దానికి ధరెక్కడిది?

ఆ రోజు అమ్మకు ఫోన్ చేశా.

'గూడు తలుపు వేశానన్నావు కదరా?'

'వేశానమ్మా. గడియ కూడా పెట్టా.'

'గడియ తీసే జంతువులు కూడా ఉన్నాయిట్రా మీ అమెరికాలో!'

ఉన్నాయి. దాని పేరు రకూన్.

ఎవరి పని?

ఊళ్ళో మన కోళ్ళకు శత్రువులెవరో అందరికీ తెలుసు. పగలు గద్ద, రాత్రి జంగుపిల్లి, మధ్యలో ముంగిస, పాము. ఇక్కడ పేర్లు మారతాయి, బుద్ధులు మారవు. పోయిన తీరును బట్టి వచ్చిందెవరో చాలావరకు పోల్చుకోవచ్చు.

కోడి ఆనవాలు లేకుండా మాయమైతే నక్కో, కయోటీయో అనుకోవచ్చు. ఒకేచోట ఈకలు కుప్పగా పడి ఉంటే డేగ. తల, మెడ మాత్రమే పోతే రాత్రి గుడ్లగూబ మీద అనుమానం. మెడ మీద చిన్న కాట్లతో వరసగా నాలుగైదు చచ్చి ఉంటే వీజిల్. మన ముంగిస కన్నా సన్నగా ఉండే ఈ జీవి అంగుళం సందులోంచి కూడా దూరిపోతుంది. గుడ్లు, పిల్లలు పోతుంటే పాము, ఎలుక, పోసమ్. ఇక జాలీ అవతల నుంచి కోడి కాలో తలో లాగేసి ఉంటే రకూన్ పనే. దాని ముందుకాళ్ళు మన చేతుల్లా పనిచేస్తాయి. తిప్పే గడియలు, మామూలు కొక్కేలు దానికో లెక్క కాదు. పక్కింటి కుక్కను కూడా జాబితాలోంచి తీసేయకండి.

జాలీలో ఉంది కిటుకు

మేం చేసిన మొదటి తప్పు గడియ. రెండోది జాలీ. 'చికెన్ వైర్' అని పేరుంది కదా అని ఆరు పలకల కన్నాల జాలీ కొన్నాం. అది కోడిని లోపల ఉంచడానికే పనికొస్తుంది, శత్రువును బయట ఆపడానికి కాదు. రకూన్, కుక్క దాన్ని చించేస్తాయి. కావాల్సింది అరంగుళం కన్నాల గట్టి ఇనుప జాలీ. హోమ్ డిపో, లోస్ లాంటి షాపుల్లో 'హార్డ్‌వేర్ క్లాత్' అని అడగండి. క్లాత్ అన్నారని గుడ్డ అనుకునేరు! దాన్ని స్టేపుల్స్‌తో కాక వాషర్లు వేసి స్క్రూలతో బిగించాలి. కిటికీలకు, గాలి కన్నాలకు కూడా అదే.

తవ్వి వచ్చేవాటి కోసం గూడు చుట్టూ ఓ అడుగు, అడుగున్నర వెడల్పున అదే జాలీని నేల మీద పరిచి, పైన మట్టి కప్పేయాలి. నక్క గోడ మొదట్లోనే తవ్వుతుంది, జాలీ తగిలితే విసిగి పోతుంది. తలుపుకు రెండు పనులు చేస్తేగానీ తెరుచుకోని కొక్కెం పెట్టండి. చిన్న తాళమైతే మరీ మంచిది.

నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి జరుపుతారు కదా, అక్కడి నుంచి మా దగ్గర సాయంత్రం ఐదుంపావుకల్లా సూర్యుడు దిగిపోతాడు. మనం ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటే. వెలుతురును బట్టి దానంతటదే మూసుకునే తలుపులు దొరుకుతున్నాయి. అది పెట్టుకున్నా, పడుకునే ముందు టార్చి వేసి కోళ్ళను లెక్కపెట్టడం మానొద్దు. ఆలస్యంగా వచ్చిన పెట్ట బయటే ఉండిపోవచ్చు. మిగిలిన మేత రాత్రి బయట వదలకండి, దొంగలకు విందు పిలుపు అదే.

డేగ మీద చెయ్యి వేయొద్దు

పగలు వచ్చే డేగను చూస్తే రాయి విసరాలనిపిస్తుంది. ఆగండి. 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం కింద డేగలకు, గుడ్లగూబలకు రక్షణ ఉంది. మీ కోడిని ఎత్తుకుపోతున్నా సరే, అనుమతి లేకుండా చంపితే ఫెడరల్ నేరం. వీసా మీద ఉన్నవాళ్ళకు ఆ తలనొప్పి అసలే వద్దు. పైన వల కట్టండి, దాక్కోవడానికి పొదలు పెంచండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలకు రంగురంగుల ఈకలుండటం కూడా ఇందుకు పనికొస్తుంది. తెల్లకోడి దూరానికి కూడా కనిపిస్తుంది మరి. రకూన్‌ను బోనులో పట్టి ఎక్కడో వదిలేయడం కూడా చాలా రాష్ట్రాల్లో కుదరదు. విషం జోలికి అస్సలు పోవద్దు.

పోయాక...

ఒకసారి రుచి మరిగింది మర్నాడూ వస్తుంది. అందుకే ఆ రోజే గూడు బాగుచేసి, మిగిలినవాటిని కొన్నాళ్ళు బయటకు వదల్లేదు. బెదిరిన కోళ్ళు గుడ్లు పెట్టడం మానేయొచ్చు. మావి అలాగే మానేసి, తేరుకున్నాక మొదలెట్టాయి. గాయమేమీ లేకుండా ఒకేసారి రెండుమూడు చనిపోతే మాత్రం అది దొంగ పని కాకపోవచ్చు. 2022 నుంచి బర్డ్ ఫ్లూ ఈ దేశంలో కోట్ల కోళ్ళను మింగింది. చేతులతో ముట్టుకోకుండా రాష్ట్ర పశువైద్య శాఖకో, వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏకో చెప్పండి.

అన్నిటికన్నా కష్టం పిల్లలకు చెప్పడం. ఊళ్ళో కోడి పోతే అమ్మ రెండు తిట్లు తిట్టి, మిగతావాటిని గంప కింద కమ్మి పనిలో పడేది. అక్కడ కోడికి పేరుండేది కాదు. ఇక్కడ లడ్డూ అని మా పిల్లే పేరు పెట్టింది. 'ఎక్కడికో వెళ్ళిపోయింది' అని అబద్ధం చెబుదామనుకున్నా. మా ఆవిడ ఒప్పుకోలేదు. 'తప్పు మనదే, తనకు చెబుదాం' అంది. చెప్పాం. పిల్ల బాగా ఏడ్చింది. ఆ తర్వాత, 'రకూన్‌కు పిల్లలున్నాయా నాన్నా?' అనడిగింది. ఉండే ఉంటాయన్నా. మాట్లాడలేదు.

లడ్డూని పెరటి మూల లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టాం, పైన రాయి పెట్టాం. పాతడానికి కూడా ఊరూరికీ నిబంధనలుంటాయి, కనుక్కుని చేయండి.

కొత్తగా మొదలెట్టేవాళ్ళకు ఒక్క మాట. ముందు మీ సిటీ నిబంధనలు, ఇళ్ళ సంఘం షరతులు చూసుకోండి. అద్దె ఇల్లైతే ఓనర్ని అడగండి. చాలాచోట్ల పుంజుకు అనుమతి లేదు. ఇండియాకు నెల రోజులు వెళ్తే రాత్రి తలుపు ఎవరు వేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి. గూడు ముందు, కోళ్ళు తర్వాత. మేం తలకిందులుగా చేసి రెండింటిని పోగొట్టుకున్నాం.

ఇప్పుడు రోజూ రాత్రి మా అమ్మాయే టార్చి పట్టుకుని లెక్కపెడుతుంది. 'మూడు, నాన్నా!' అని అరిచాకే మా ఇంట్లో లైట్లు ఆరేది. ఆదివారాల్లో ఫోన్ ఎత్తగానే అమ్మ అడిగే మొదటి మాట కూడా మారింది. 'తిన్నావా' కాదు, 'తాళం వేశావా?'