‘ఐదు నిమిషాలే కదా!’: ఎండలో కారు, కారులో కుక్క

ఎండాకాలంలో కుక్కను కారులో వదిలి వెళ్లేవాళ్లు దానిమీద ప్రేమ లేనివాళ్లేం కాదు. ప్రేమ లేకపోతే ఇంటి దగ్గరే కట్టేసి వచ్చేవాళ్లు. ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకుంటుందని, బండెక్కితే సంబరపడుతుందని వెంట తెచ్చుకుంటారు. తీరా వచ్చాక బట్టల షాపులో రానివ్వరు, గుళ్లోకి తీసుకెళ్లే వీల్లేదు, హైవే మీద హోటల్లో పక్క బల్లవాళ్లు మొహం చిట్లిస్తారు. ఇక మిగిలేది కారే. అద్దం కాస్త దించి, గిన్నెలో నీళ్లు పోసి, చెట్టు కింద ఆపి, ‘ఇప్పుడే వచ్చేస్తాంరా’ అని చెప్పి మరీ వెళ్తారు.

ఈ జాగ్రత్తలన్నీ మన ఒంటిని బట్టి మనం వేసుకున్న లెక్కలు. మనకు ఉక్కపోస్తే చెమట పడుతుంది. చిరుగాలి తగిలితే ఆ చెమట ఆరి హాయిగా ఉంటుంది. మరీ భరించలేకపోతే తలుపు తీసుకుని బయటపడతాం. ఈ మూడింటిలో ఒక్కటీ కారులోని కుక్కకు లేదు. అపోహలన్నీ ఈ తేడాను మరిచిన చోటే పుడుతున్నాయి.

అపోహ: ఐదు, పది నిమిషాల్లో ఏమీ కాదు.

వాస్తవం: కారు వేడెక్కేది ఎక్కువగా ఆ మొదటి నిమిషాల్లోనే. ఎండ వెలుగు అద్దాల్లోంచి సులువుగా లోపలికొస్తుంది. డ్యాష్‌బోర్డు, సీట్లు, స్టీరింగ్ దాన్ని పీల్చుకుని కాలిపోతాయి. అవి వదిలే వేడి మాత్రం అద్దం దాటి వెనక్కి పోలేదు. వాటిని తాకిన గాలీ వేడెక్కి, పోయే దారిలేక లోపలే తిరుగుతుంది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనం కోసం 22 నుంచి 36 డిగ్రీల సెల్సియస్ ఉన్న వేర్వేరు రోజుల్లో కారును ఎండలో నిలిపి కొలిచారు. బయట చల్లగా ఉన్న రోజైనా, వేడిగా ఉన్న రోజైనా గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అమెరికా పశువైద్య సంఘం ఇచ్చే పట్టిక ప్రకారం బయట 35 డిగ్రీలుంటే పది నిమిషాల్లో కారులో 45 దాటుతుంది, అరగంటలో 54కు చేరుతుంది. 35 అంటే మనకు ఏప్రిల్ నెలలో ‘ఇవాళ కాస్త నయం’ అనుకునే రోజు. రోళ్లు పగిలే రోహిణి కార్తె సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

పైగా ఐదు నిమిషాల పని ఐదు నిమిషాల్లో అయ్యేదెప్పుడు? బిల్లు కౌంటరు దగ్గర లైను, తిరుగుతూనే ఉండే పేమెంటు, ఎదురుపడి కబుర్లు మొదలెట్టే చుట్టం. ఆ నిమిషాలన్నీ కుక్క ఖాతాలోనే పడతాయి.

అపోహ: అద్దం రెండు వేళ్లు దించితే గాలి ఆడుతుంది.

వాస్తవం: ఊపిరాడటం వేరు, చల్లబడటం వేరు. కారులో కుక్క చచ్చిపోయేది గాలి చాలక కాదు, వేడికి. స్టాన్‌ఫర్డ్ అధ్యయనంలో అద్దాలు పూర్తిగా మూసినప్పుడు ప్రతి ఐదు నిమిషాలకు సుమారు 1.9 డిగ్రీలు పెరిగితే, ఒకటిన్నర అంగుళాల మేర దించినప్పుడు సుమారు 1.7 డిగ్రీలు పెరిగింది. తేడా అంతే. గంట గడిచేసరికి రెండు సందర్భాల్లోనూ కారు దాదాపు ఒకే స్థితిలో ఉంది. అద్దం పూర్తిగా దించితే కాస్త మేలు జరగొచ్చు. కానీ అలా దించి వదిలేస్తే కుక్క దూకేస్తుందని మనకూ తెలుసు. అందుకే ఎవరూ దించరు.

అపోహ: నీడలో పెట్టాను, పైగా మాది తెల్ల కారు.

వాస్తవం: నీడ, లేత రంగు రెండూ వేడిని తగ్గిస్తాయి కానీ ఆపలేవు. ఆరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఎండలో గంటసేపు నిలిపిన కార్లలో గాలి సగటున 47 డిగ్రీలకు, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరాయి. నీడలో నిలిపిన కార్లలోనూ గంటకు 38 డిగ్రీల దాకా వచ్చింది. ఇక రంగు విషయం. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వారు ఒకే రకం నల్ల కారునూ వెండిరంగు కారునూ ఎండలో పక్కపక్కన నిలిపి చూస్తే, లోపలి గాలిలో తేడా ఐదారు డిగ్రీలే వచ్చింది. 55 ఉండాల్సిన చోట 50 ఉంటే కుక్కకు ఒరిగేదేముంది?

నీడకు ఇంకో చిక్కు కూడా ఉంది. అది కదులుతుంది. పన్నెండింటికి వేపచెట్టు కింద ఆపిన బండి రెండింటికి నడి ఎండలో ఉండొచ్చు.

అపోహ: మన కుక్కలు ఎండకు అలవాటు పడ్డవే. వీధికుక్కలు బతకడం లేదా?

వాస్తవం: వీధికుక్కకు నాలుగు కాళ్లున్నాయి, తిరిగేందుకు వీధంతా ఉంది. మిట్టమధ్యాహ్నం అది ఎక్కడుంటుందో గమనించండి. ఆగిన లారీ కింద, కల్వర్టు తూములో, కుళాయి పక్క బురదలో గుంట తవ్వుకుని పడుకుని ఉంటుంది. ఎండను తట్టుకోవడమంటే దానికి ఎండను తప్పించుకోవడమే. కారులో ఉన్నదానికి ఆ దారే మూసేశాం.

కుక్క ఒళ్లు చల్లబడే పద్ధతి మనది కాదు. మన ఒంటికి పట్టినట్టు దానికి చెమట పట్టదు. పాదాల అడుగున మాత్రమే కాస్త పడుతుంది, అది ఏ మూలకూ చాలదు. నాలుక వేలాడేసి, నిమిషానికి రెండు మూడు వందల సార్లు రొప్పుతూ, నోట్లోని, ముక్కులోని తడిని ఆవిరి చేసి వేడిని బయటికి పంపుతుంది. ఈ పద్ధతి బాగా పనిచేయాలంటే చుట్టూ ఉన్న గాలి పొడిగా ఉండాలి. మూసిన కారులో ఆ రొప్పు నుంచి వచ్చిన ఆవిరి పోయే చోటు లేక, కాసేపటికి లోపలంతా ఇడ్లీ పాత్రలా తయారవుతుంది. అప్పుడు ఎంత రొప్పినా తడి ఆరదు. రొప్పడం కూడా శ్రమే కాబట్టి ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో బయటి గాలే ఉక్కగా ఉంటుంది కనుక అక్కడ 34 డిగ్రీలను చూసి ధీమా పడకూడదు.

కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీలు. 41 దాటితే వడదెబ్బ కిందే లెక్క. నడుమ ఉన్న వెసులుబాటు రెండు డిగ్రీలే. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు అదీ పూర్తిగా దక్కదు. రొప్పడానికి కావలసిన ముక్కు దారే వాటికి ఇరుకు. బ్రిటన్‌లో 2016 నాటి వైద్య రికార్డులను పరిశీలించినప్పుడు, లాబ్రడార్‌తో పోలిస్తే బుల్‌డాగ్‌కు వేడి జబ్బు వచ్చే అవకాశం దాదాపు 14 రెట్లు ఎక్కువని తేలింది. ముసలివి, ఒళ్లు చేసినవి, గుండెజబ్బు ఉన్నవి కూడా త్వరగా పడిపోతాయి.

అపోహ: గిన్నెలో నీళ్లు పెడితే చాలు.

వాస్తవం: నీళ్లు దాహం తీరుస్తాయి, రొప్పుతో పోయిన తడిని భర్తీ చేస్తాయి. 50 డిగ్రీల గాలిలో కూర్చున్న ఒంటిని చల్లబరచలేవు. ఆ గిన్నెలో నీళ్లూ కాసేపటికి కాగుతాయి.

అపోహ: ఏసీ వేసి చల్లబరిచే వెళ్తున్నాం. ఆన్‌లో ఉంచితే ఇంకా మంచిది.

వాస్తవం: ముందుగా చల్లబరిచి బండి ఆపేస్తే దక్కేది మహా అయితే ఐదు నిమిషాలు. స్టాన్‌ఫర్డ్ వారు అదీ కొలిచారు. ఇంజను ఆన్‌లో పెట్టి వెళ్తే బండి ఆగిపోవచ్చు, కంప్రెసర్ మొరాయించవచ్చు, లోపల గెంతే కుక్క కాలు ఏదో బటన్‌మీద పడవచ్చు. అమెరికాలో శిక్షణ పొందిన పోలీసు కుక్కలే ఏసీ పాడైన వాహనాల్లో చనిపోయిన ఘటనలు చాలా ఉన్నాయి. అందుకే అక్కడి పోలీసు బళ్లలో లోపలి వేడి హద్దు దాటగానే హారను మోగించి, అద్దాలు దించేసే పరికరాలు అమరుస్తున్నారు. టెస్లా 2019లో తెచ్చిన ‘డాగ్ మోడ్’ కూడా ఈ భయంలోంచి పుట్టిందే. అలాంటి ఏర్పాటు లేని బండిలో ఏసీమీద ప్రాణం పెట్టకూడదు.

అపోహ: కష్టంగా ఉంటే అరుస్తుంది, మనకు తెలుస్తుంది.

వాస్తవం: మొదట్లో అరవవచ్చు, తలుపు గీకవచ్చు. వడదెబ్బ ముదిరేకొద్దీ అరిచే ఓపిక పోతుంది. మొదట ఆగని రొప్పు, జిగురుగా సాగే చొంగ, ఎర్రబడిన చిగుళ్లు. తర్వాత తూలడం, వాంతి, రక్తం పడే విరేచనాలు, చిగుళ్లు పాలిపోవడం, మూర్ఛ. దారినపోయేవాళ్లు అద్దంలోంచి చూసి ‘నిద్రపోతోంది’ అనుకునేది చాలాసార్లు ఈ చివరి దశనే.

అపోహ: వడదెబ్బ తగిలితే చల్లటి నీళ్లు పోయకూడదు. తడిగుడ్డ కప్పి ఆస్పత్రికి పరుగెత్తాలి.

వాస్తవం: ఈ అపోహ చాలాకాలం వైద్యపుస్తకాల్లోనూ ఉంది. చల్లటి నీళ్లు పోస్తే రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుందని భయపడేవారు. ఇప్పుడు బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు చెప్పేది సూటిగా ఉంది: ముందు చల్లబరచండి, తర్వాత బయల్దేరండి. ఒళ్లు ఎంతసేపు కాలుతూ ఉంటే లోపలి అవయవాలు అంతగా దెబ్బతింటాయి. కాబట్టి ఆస్పత్రికి పట్టే అరగంటను వృథా చేయకూడదు.

నీడలోకి తెచ్చి, కుక్క ఒంటికంటే చల్లగా ఉన్న నీళ్లు ఏవి దొరికితే అవి ధారగా పోయాలి. కుళాయి పైపు దొరికితే మరీ మంచిది. మెడ, పొట్ట, తొడల లోపలి భాగం బాగా తడవాలి. ఫ్యాను పెట్టాలి, అది లేకపోతే అట్టముక్కతో విసరాలి. వయసులో ఉన్న ఆరోగ్యమైన కుక్కనైతే తొట్టిలో తల పైకి ఉండేలా కూర్చోబెట్టవచ్చు. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అది కాసేపటికి వేడెక్కి, ఆవిరి పోకుండా అడ్డుపడుతుంది. స్పృహ లేని కుక్క నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తర్వాత, కారులో ఏసీ వేసి ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

జ్వరం మాత్రలు అసలు వేయొద్దు. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచుతుంది, మాత్ర ఆ పెంపును తగ్గిస్తుంది. వడదెబ్బలో వేడి బయటినుంచి వచ్చి చేరింది, కాబట్టి మాత్రకు పనిలేదు. పైగా మనుషుల పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కల కాలేయాన్నో, కిడ్నీలనో దెబ్బతీయగలవు.

అపోహ: లేచి నిలబడి నీళ్లు తాగింది, గండం గడిచింది.

వాస్తవం: కిడ్నీలు దెబ్బతినడం, రక్తం గడ్డకట్టే వ్యవస్థ చెడటం, పేగు లోపలి పొర ఊడటం లాంటివి ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత కూడా బయటపడతాయి. తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకు చూపించి, రక్తపరీక్ష చేయించాల్సిందే.

అపోహ: ఎవరి కుక్క వాళ్లిష్టం. చట్టానికేం సంబంధం?

వాస్తవం: జంతువును బంధించి బాధపెట్టడం, యజమానే నీరు, నీడ ఇవ్వకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. దశాబ్దాలు గడిచినా ఆ అంకెలు మారలేదు. పార్కింగ్ రుసుము కంటే తక్కువైన జరిమానాను చూసి ఎవరూ భయపడరు, నిజమే. కాలిఫోర్నియాలో 2017 నుంచి, ప్రమాదంలో ఉన్న జంతువును కాపాడటానికి ముందుగా పోలీసులకు చెప్పి కారు అద్దం పగలగొట్టినవారికి చట్టం రక్షణ ఇస్తోంది. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి ఇక్కడ కారులో చిక్కుకున్న కుక్క కనిపిస్తే బండి నంబరు చెప్పి మాల్ మైకులో పిలిపించండి, సెక్యూరిటీ వాళ్లను వెంటబెట్టుకోండి, 112కు ఫోన్ చేయండి, నలుగురినీ సాక్షులుగా నిలబెట్టుకోండి.

అపోహ: కారులో వదలకపోతే వడదెబ్బ భయం లేనట్టే.

వాస్తవం: బ్రిటన్‌లో 2020లో వచ్చిన అధ్యయనంలో, కుక్కలకు వచ్చిన వేడి జబ్బుల్లో 74 శాతం నడక, పరుగు, ఆటల వల్ల వచ్చినవి. కారులో చిక్కుకున్నవి సుమారు 5 శాతం. కారు తక్కువ ప్రమాదమని దీనర్థం కాదు. మన ఒంటిని బట్టి లెక్కలేసే అదే పొరపాటు వేరే రూపంలో జరుగుతోందన్నమాట. ఆఫీసు నుంచి వచ్చి, మనకు కాస్త చల్లబడినట్టు అనిపించి, సాయంత్రం ఐదింటికి గొలుసు చేతపడతాం. కింద తారురోడ్డు ఇంకా కాలుతూనే ఉంటుంది. మనకు చెప్పులున్నాయి, దానికి లేవు. అరచేతి వెనకవైపు రోడ్డుమీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. ఓర్చుకోలేకపోతే ఆ నడక వద్దు. వేసవిలో పొద్దున్నే ఎండ ఎక్కకముందు, రాత్రి భోజనాలయ్యాక తిప్పడం మేలు.

ప్రయాణానికి ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: దారిలో ఆగే ప్రతి చోటా కుక్కతోపాటు మనిషొకరు ఏసీలోనో, చెట్టు కిందో ఉంటారా? ఉంటారంటే తీసుకెళ్లండి, రాత్రిపూట కూడా తెరిచే పశువైద్యశాల నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. ఉండరంటే ఆ రోజుకు దాన్ని ఇంట్లో ఫ్యాను కిందే ఉండనివ్వండి.