మామిడి పెట్టెలో క్యూఆర్ చీటీ

కోడేరు, పెద్దకొత్తపల్లి, కొల్లాపూర్ వైపు మామిడి తోటల సంగతి మీకు వేరే చెప్పనక్కర లేదు. కాయ దిగే కాలం వచ్చిందంటే పట్నం నుంచి బేరగాళ్లు దిగుతారు. కొందరు పూత మీదనే తోటను గుత్తకిచ్చి ఊరుకుంటారు. మరికొందరు కాయ కోయించి, బండికెత్తి, హైదరాబాదు పండ్ల మార్కెట్టుకు తోలుతారు. ఆ మార్కెట్టు వెనుక గడ్డిఅన్నారంలో ఉండేది, ఇప్పుడు బాటసింగారానికి మారింది. ఈ రెండు పద్ధతులలోనూ మీ పండు తిన్నవాడు ఎవడో మీకు తెలియదు. ఆ పండు ఎవరి చెట్టుదో తిన్నవాడికీ తెలియదు.

ఇప్పుడు మూడో దారి ఒకటి పడింది. తోట గట్టునే పందిరి వేసి అమ్మేవారున్నారు. అట్టపెట్టెలలో సర్ది పట్నంలోని ఇళ్లకు నేరుగా పంపేవారున్నారు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఉద్యానశాఖ, తపాలాశాఖ కలిసి హైదరాబాదు ఇళ్లకు మామిడి పెట్టెలు చేరవేసిన సంగతి మీలో కొందరికి జ్ఞాపకం ఉండవచ్చు. అప్పటి నుంచి ఫోను మీద పండ్లు తెప్పించుకోవడం చాలామందికి అలవాటయింది.

అయితే ఈ దారిలో ఒక చిక్కున్నది. కోడేరు అంగడిలో అయితే మీ ముఖం చూసి కొంటారు. "ఫలానా ఆయన కొడుకు, మాట తప్పడు" అంటారు. పట్నంలో ఉన్నామెకు మీ ముఖం తెలియదు, మీ నాయన పేరు తెలియదు. ఆమె అడిగేది ఒక్కటే: "ఇది కార్బైడు పెట్టి మాగేసిన కాయనా, కాదా?" కార్బైడుతో పండ్లు మాగబెట్టడం ఆహార భద్రతా నిబంధనల ప్రకారం నిషేధం. ఇథిలీను గ్యాసు గదులలో, పరిమితికి లోబడి, మాగబెట్టవచ్చు. వరిగడ్డిలో వేసి మాగబెట్టుకోవడం మన ఇండ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. మీరు నిజాయితీగానే చేస్తున్నారు. ఆ సంగతి ఆమెకు ఎట్లా తెలియాలి? మీరు చెబితే నమ్మదు. అందరూ అదే మాట చెబుతారు గదా. మీ వద్ద పోయినేడు కొన్న నలుగురు చెబితే నమ్ముతుంది. ఆ నలుగురి మాటనే ఇప్పుడు ఫోనులో రివ్యూ అంటున్నారు. ఒకటి మొదలు అయిదు దాకా చుక్కలు ఇస్తారు, కింద రెండు మాటలు రాస్తారు.

ఆ మాట రాయించుకోవడానికి క్యూఆర్ గుర్తు ఎట్లా పనికి వస్తుందో ఈనాడు చెప్పుకుందాము.

ఈ నలుపు తెలుపు గళ్ల గుర్తును 1994లో జపాను దేశంలో, డెన్సో కంపెనీలో పనిచేసే మసహిరో హారా అనే ఇంజనీరు తన జట్టుతో కలిసి తయారు చేశాడు. మోటారుకార్ల విడిభాగాల లెక్క తప్పకుండా ఉండేందుకు పుట్టిన గుర్తు ఇది. కంపెనీవారు పేటెంటు చేతిలో ఉన్నా బిగబట్టక, అందరినీ వాడుకోనిచ్చారు. దాని మూడు మూలల్లో మూడు పెద్ద చదరాలు కనబడతాయి చూడండి, అవి ఫోనుకు దారి చూపే సరిహద్దు రాళ్ల వంటివి. ఫోనును అడ్డంగా పట్టినా, తలకిందులుగా పట్టినా, వాటిని బట్టి గుర్తును చదువుకొంటుంది. బాగా గట్టిగా తయారు చేసిన గుర్తు 30 శాతం దాకా చెరిగిపోయినా పని చేస్తుంది. మామిడి సొన మరక ఒకటి పడ్డంత మాత్రాన పాడు కాదన్న మాట.

ఇంతకూ ఆ గళ్లలో దాగి ఉన్నదేమిటి? మన పనికి సంబంధించినంత వరకు ఒక చిరునామా మాత్రమే. ఫోను ఆ చిరునామా చదివి, మీ తోట పేరున రివ్యూ రాసే చోటికి మనిషిని తీసుకొనిపోయి నిలబెడుతుంది. పేరు వెతుక్కునే శ్రమ తప్పుతుంది, అంతే.

"స్కాన్ చేస్తే పైసలు పోతాయట గదా?" అని మీరనవచ్చు. ఈ భయం కొన్నవారికీ ఉంటుంది, కనుక దీన్ని తేల్చుకొని ముందుకు పోదాము. చూడటానికి అన్ని గుర్తులూ ఒకటే మాదిరి ఉంటాయిగాని పనులు వేరు. కిరాణా కొట్టు గల్లా మీద ఉండేది యూపీఐ గుర్తు, డబ్బు కట్టడానికి. విత్తన సంచి మీద ఉండేది ఆ లాటు ఎక్కడ తయారయిందో చూసుకోవడానికి. కేంద్ర ప్రభుత్వం 2023లో సాథీ అనే ఏర్పాటును ఇందుకే ప్రారంభించింది. మీరు పెట్టెలో వేసే చీటీ మూడోది, అభిప్రాయం రాయడానికి. మీ చీటీ మీద గుర్తు కింద పెద్ద అక్షరాలతో "ఇది డబ్బు కట్టే గుర్తు కాదు. పండు ఎట్లా ఉన్నదో మీ మాట రాయండి" అని అచ్చు వేయించండి. రివ్యూ రాయడానికి పిన్ను నంబరు గాని, ఓటీపీ గాని, బ్యాంకు సంగతులు గాని అక్కర లేదు. అవి అడిగిందంటే అది మీ గుర్తు కాదు, ఎవడో పైన అంటించినదని తెలుసుకోవాలి. పందిరికి కట్టిన బోర్డును పొద్దున్నే ఒకసారి మీ ఫోనుతో మీరే స్కాన్ చేసి చూసుకోండి. ఇంకొక సంగతి: మనకు డబ్బు రావడానికి మనం స్కాన్ చేయడం, పిన్ను కొట్టడం ఎన్నడూ ఉండదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి.

ఇక గుర్తు సంపాదించే పద్ధతి. ముందుగా గూగుల్ మ్యాప్‌లో మీ తోట పేరున వ్యాపార ఖాతా తెరవాలి. దీనికి రుసుము లేదు. "మేము గూగుల్ నుంచి మాట్లాడుతున్నాము, ఇంత కట్టకపోతే మీ తోట మ్యాప్‌లో నుంచి పోతుంది" అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. తోట మీదేనని రుజువు చూపమంటారు. చాలాసార్లు వీడియో తీసి పంపమంటారు. పందిరి, బోర్డు, దారి కనబడేటట్టు తీస్తే సరిపోతుంది. ఆ పని అయినాక, ఖాతాలో రివ్యూలు అడిగే చోట ఒక లింకు, దానితోపాటే క్యూఆర్ గుర్తు ఇస్తారు. దానినే అచ్చు వేయించండి. బయట ఉచితమని చెప్పి గుర్తులు చేసి ఇచ్చే చోట్లు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని కొన్నాళ్లు పని చేసి, సరిగ్గా కోత ముమ్మరంలో ఆగిపోయి, పైసలు కట్టమంటాయి. పెట్టెలన్నీ పోయిన తరువాత చేసేదేముంది?

గుత్తకిచ్చే తోటకు గాని, అంతా మార్కెట్టుకు తోలే తోటకు గాని ఈ ఖాతాతో పని లేదు. కొనేవారితో నేరుగా బేరం ఉన్నవారికే ఇది.

గుర్తు సైజుకు ఒక లెక్క ఉన్నది: చదివేవారు నిలబడే దూరంలో పదోవంతు ఉండాలి. పందిరి ముందు అయిదడుగుల దూరంలో నిలబడేవారికి అర అడుగు గుర్తు కావాలి. చేతిలో పట్టుకొని చూసే చీటీకి అంగుళంన్నర చాలు. తెల్ల కాగితం మీద నల్ల సిరా మేలు. చుట్టూ తెల్ల అంచు వదిలిపెట్టాలి, పూలూ తీగలూ దాని మీదికి పాకించవద్దు. మెరిసే ప్లాస్టిక్ తొడుగు ఎండకు తళుక్కుమని కెమెరాను గుడ్డిది చేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాము: ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి?

పెట్టె చేరిన నాడే అడిగితే వారు పెట్టె గురించి రాస్తారు, పండు గురించి రాయరు. పక్వానికి వచ్చిన పచ్చి కాయ మాగడానికి నాలుగైదు రోజులు పడుతుంది. కాబట్టి చీటీని కాయల పైన, మూత కింద వేయండి. "మాగిన తరువాత, తిన్న తరువాత రాయండి" అని దాని మీదనే ఉండాలి. అయిదో రోజునో ఆరో రోజునో ఒక సందేశం పంపి గుర్తు చేయండి. ఒక్కసారి చాలు. రెండోసారి అడిగితే విసుగు, మూడోసారి అడిగితే వైరం.

అడగడం మాత్రం అందరినీ అడగాలి. నవ్వుతూ మాట్లాడినవారిని ఏరి అడగడం, ముఖం చిట్లించినవారికి చీటీ దాచడం గూగుల్ నియమాలకే విరుద్ధం. లెక్క ప్రకారం చూసినా అది తెలివైన పని కాదు. మీకు మూడే రివ్యూలు ఉన్నాయనుకోండి. రెండింటికి అయిదు చుక్కలు, ఒకదానికి ఒకటే చుక్క. సగటు 3.7కు పడిపోయింది. అదే పదిమంది అయిదేసి ఇచ్చి, పదకొండోవారు ఒకటి ఇస్తే సగటు 4.6 ఉంటుంది. కోపం వచ్చినవారు అడగకున్నా రాస్తారు. తృప్తిపడినవారు పండు తిని, చెయ్యి కడుక్కొని, మరచిపోతారు. చీటీ ఉన్నది ఈ రెండోవారి కోసం.

"రివ్యూ రాస్తే కిలో పండ్లు ఊరకే ఇస్తాము" అనవద్దు. కానుక ఆశపెట్టి రాయించడం గూగుల్ ఒప్పుకోదు. ఇంట్లోవాళ్లు, తోట కూలీలు, మేనల్లుళ్లు రాయడం కూడా కూడదు. వంద రివ్యూలు ఇంత ధర అని అమ్మేవారు ఉన్నారు. అటువంటివి పట్టుబడితే వాటిని తీసివేయడమే గాక, కొన్నాళ్లు కొత్త రివ్యూలు రాకుండా మీ ఖాతాను కట్టడి చేయవచ్చు. మన భారతీయ ప్రమాణాల సంస్థ కూడా 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని ఆన్‌లైన్ రివ్యూల కోసమే వెలువరించింది. అమెరికాలో 2024లో బూటకపు రివ్యూల అమ్మకం, కొనుగోలు మీద ప్రభుత్వ నిషేధమే వచ్చింది. ఇవన్నీ అటుంచండి. కొనేవారు పిచ్చివారు కారు. పూత కూడా రాని కార్తీకంలో ఒకే దినం నలభైమంది "పండు అద్భుతం" అని రాస్తే ఎవరికైనా అనుమానం రాదా?

చెడ్డ రివ్యూ వచ్చిందా? ఒక గ్లాసు మంచినీళ్లు తాగి చదవండి. నా మట్టుకు నాకు అయిదు చుక్కల రివ్యూ కన్నా ఇదే ఎక్కువ విలువైనదని తోస్తుంది. మార్కెట్టుకు తోలిన కాయలో లోపముంటే ధర తగ్గించి ఊరుకుంటారు, ఎందుకో చెప్పరు. ఇక్కడ తిన్నవారు కారణం చెబుతున్నారు. దానిని భూసార పరీక్ష కాగితం చదివినట్టు చదవాలి.

"పండు మెత్తబడ్డది గాని పులుపు పోలేదు" అని రాశారనుకోండి. కాయను ముదరక ముందే కోశారన్న మాట. మొదటి ధర కోసం తొందరపడితే వచ్చే ఫలితమిది. కాయ భుజాలు తొడిమ కన్న పైకి లేచినాయా, నీళ్లలో వేస్తే మునుగుతున్నదా చూసి కోయాలి. తేలే కాయ ఇంకా లేతది.

"కోస్తే లోపల తెల్ల పురుగులు" అన్నారా? అది పండు ఈగ పని. పెట్టెలో పుట్టింది కాదు, చెట్టు మీదనే కాయకు చేటు జరిగింది. రాలిన కాయలను ఏనాటికానాడు ఏరి లోతుగా పూడ్చాలి. వచ్చే ఏడు కాయ ఎదిగే దశలోనే మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు తోటలో కట్టాలి.

"తొడిమ దగ్గర నల్లబడి కుళ్లింది" అంటే కోతను చూసుకోండి. కాయను గుంజి తెంపితే తొడిమ ఊడి, సొన కారి, ఆ గాయం గుండా తెగులు దిగుతుంది. సెంటీమీటరు తొడిమ ఉంచి కోయాలి, నేల మీద పడేయరాదు. 52 డిగ్రీల వేడినీటిలో పది నిమిషాలు ఉంచి ఆరబెట్టిన కాయకు మచ్చ, కుళ్లు తగ్గుతాయి.

చూశారా, మూడు ఫిర్యాదులకు మూడు వేరు వేరు మందులు. రివ్యూ రాకపోతే ఏ మందు వేయాలో తెలిసేది కాదు.

దాని కిందనే జవాబు రాసే వీలుంది. పోట్లాడవద్దు. "అమ్మా, మీరు రాసింది చదివాము. పండు ఈగ తగిలిన కాయలు కొన్ని ఏరడంలో తప్పిపోయినాయి. మీకు మరొక పెట్టె పంపుతున్నాము. ఈసారి నుంచి ఎర బుట్టలు కడుతున్నాము" అని రాస్తే, ఆమె కన్నా ముందు ఆ జవాబును కొనబోయే పదిమంది చదువుతారు. పెట్టె పంపినందుకు మారుగా చుక్కలు పెంచమని మాత్రం అడగరాదు, అది కూడా కొనుక్కోవడం కిందికే వస్తుంది. మీ వద్ద కొననే లేదు, పగతో రాశారని తెలిస్తే గూగుల్‌కు నివేదించవచ్చు. మనకు నచ్చలేదని తీయరు, నియమం తప్పితేనే తీస్తారు.

ఇదంతా మీరు అమ్మేటప్పటి సంగతి. మీరు కొనేవారైనప్పుడు ఇదే కంటితో చూడండి. బోరు వేసేవారికి, నర్సరీకి, విత్తనాల దుకాణానికి ఎన్ని చుక్కలున్నా, అవి దుకాణం మర్యాదకు సాక్ష్యం గాని విత్తనం మొలకకు సాక్ష్యం కావు. లాటు నంబరు రాసిన బిల్లు, ఖాళీ సంచి పంట చేతికి వచ్చేదాకా దాచుకోండి. మొలక రాకపోతే అధికారుల ముందు పనికి వచ్చేవి అవే.

గ్రామాలలో తిరిగే విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. రైతువేదికలో ఈ పని చూపేటప్పుడు రైతు చేతి ఫోనుతోనే, రైతు చేతనే చేయించండి. ఖాతా మీ పేరున గాని, ఊరి కుర్రవాడి పేరున గాని తెరవవద్దు. ఆ కుర్రవాడు రేపు పట్నం పోతే తోట తాళంచెవి అతని జేబులో పోయినట్టే. రైతుకు చదువు రాకపోతే రివ్యూలను ఫోను చేతనే చదివించుకోవడం, జవాబును నోటితో చెప్పి తెలుగులో టైపు చేయించడం నేర్పండి.

ఇక తోట ఖాళీ అయిన నాడు చేయవలసిన పని ఒకటి మిగిలి ఉన్నది. జూనులో చివరి పెట్టె పోయినాక ఖాతాలోకి వెళ్లి "తాత్కాలికంగా మూసి ఉన్నది" అని మార్చండి. ఆ పని చేయకపోతే ఆగస్టులో శ్రీశైలం పోయే కారువారెవరో మ్యాప్ చూసి మీ తోట దాకా వచ్చి, ఖాళీ పందిరి చూసి, ఒక చుక్క వేసి పోతారు. మళ్లీ కోతకు వారం ముందు తెరిచి, బోర్డు మీది గుర్తు పని చేస్తున్నదో లేదో స్కాన్ చేసి చూసుకోండి.