వినిన తరువాతే తీర్పు

పెద్దవారికి పొట్టపైన మంట, ఒళ్లంతా చెమటలు అనగానే మనం గ్యాస్ అని సోడా తాగిస్తాము. అనుభవమున్న డాక్టరుకూ మొదట గ్యాసే తోచవచ్చు. కాని ఆయన అక్కడ ఆగడు. "ఇది కాకపోతే మరేమిటి? ప్రాణం మీదికి తెచ్చేది ఏది?" అని తన్ను తానే ప్రశ్నించుకుంటాడు. షుగరు ఉన్నవారికి, వృద్ధులకు ఛాతీనొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు గనుక ఇ.సి.జి. తీయిస్తాడు. అది బాగున్నా అనుమానం తీరకపోతే మళ్లీ తీయిస్తాడు, రక్తపరీక్ష చేయిస్తాడు.

పాదిరిగారి కుమారుడైన డాక్టర్ విలియం ఆస్లర్ (1849–1919) తన విద్యార్థులకు రోగి మంచం ప్రక్కనే పాఠం చెప్పాడు. రోగి మాట వినడమే మొదటి పరీక్ష. గనుక పాత జబ్బులు, వాడే మాత్రలు దాచక చెప్పండి. వినకముందే జవాబివ్వడం అవివేకమని సామెతలు 18:13 మనలనూ హెచ్చరిస్తున్నది. ప్రార్థన దారిలోనే చేయవచ్చు; ముందు ఆసుపత్రికి బయలుదేరండి.